బిడ్డకు వినిపించదని తెలిసినప్పుడు

[దృశ్యం: కోనసీమలో ఒక పెంకుటిల్లు, వంటగది]

మా బాబుకు ఏడాది నిండిన నెలలో వంటింటి గట్టు మీది నుంచి ఇత్తడి పళ్ళెం జారిపడింది. పక్కగదిలో నిద్రపోతున్న మా అత్తయ్య ఉలిక్కిపడి లేచింది గాని, అటు వీపు పెట్టి కొబ్బరి ఈనెలతో ఆడుకుంటున్న వాడు తల తిప్పలేదు. ‘వాళ్ళ నాన్నకూ మాటలు ఆలస్యంగానే వచ్చాయి’ అన్న మాటను నమ్మడం హాయిగా ఉండడంతో, మరో నాలుగు నెలలు పోగొట్టుకున్నాము.

[దృశ్యం: నిద్రపోతున్న బిడ్డ, నుదుటికి అంటించిన తీగలు]

కాకినాడలో బెరా పరీక్ష చేయించాము. బిడ్డ నిద్రలో ఉండగా చెవిలోకి శబ్దం పంపి, శ్రవణనాడి స్పందనను యంత్రంలో నమోదు చేస్తారు. రెండు చెవులకూ తీవ్రమైన లోపమే అన్నారు. తిరిగి వస్తూ ఎదుర్లంక వారధి దాటేవరకు మేమిద్దరం ఒక్క మాటా మాట్లాడుకోలేదు.

[దృశ్యం: వంశవృక్షం బొమ్మ]

ఇంటికి రాగానే నింద మొదలయింది. నేను గ్రహణం నాడు బయట తిరిగానట! పుట్టు చెవుడుకు గ్రహణంతో ఏ సంబంధమూ లేదు. దానికి జన్యువులు ఒక ముఖ్య కారణం. చక్కగా వినిపించే తల్లిదండ్రులిద్దరిలోనూ లోపమున్న ఒకే జన్యువు దాగి ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు చెవుడు వచ్చే అవకాశం 25 శాతం. మేనరికంలో ఒకే తాతముత్తాతల నుంచి ఆ జన్యువు ఇద్దరికీ చేరే వీలు ఎక్కువ. మా అత్తయ్య మా నాన్నగారి సొంత చెల్లెలు. సంబంధం కుదిర్చిన పెద్దలే గ్రహణాన్ని తప్పుపట్టడం నాకిప్పటికీ మింగుడుపడదు.

[దృశ్యం: బిడ్డ చెవికి వినికిడి యంత్రం]

మనసు కుదుటపడ్డాక చికిత్స మొదలుపెడదామనుకోవడమే మేము చేసిన పెద్ద పొరపాటు. శబ్దాలను మాటలుగా పోల్చుకోవడం మెదడు తొలి ఏళ్ళలోనే వేగంగా నేర్చుకుంటుంది కాబట్టి ఆరు నెలల వయసులోపే సాయం అందాలని నిపుణులు చెబుతారు. మా వాడికి యంత్రం పెట్టేసరికి పద్దెనిమిదో నెల. ఏడుస్తూనే పెట్టాను, ఏడుస్తూనే స్పీచ్ థెరపీకి తీసుకువెళ్ళాను. సదరం ధ్రువపత్రానికి, అంటే వైకల్యం ఉందని ప్రభుత్వం ఇచ్చే కాగితానికి, వెళ్ళడానికి మాత్రం మావారికి మరికొంత కాలం పట్టింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో వినికిడి లోపం ఒకటని తెలిసినా, ఆ కాగితం మీద కొడుకు పేరు చూడలేనన్నారు. నేను తొందరపెట్టలేదు.

[దృశ్యం: రాత్రి, మూత ఉన్న చిన్న డబ్బా]

మన డెల్టా ఉక్కలో చెమటకు, తేమకు యంత్రం త్వరగా పాడవుతుంది. రాత్రిపూట దానిని తుడిచి, బ్యాటరీ తీసి, సిలికా జెల్ ఉన్న డబ్బాలో ఉంచాలి. మా ఇంట్లో ఆ మూత బిగించేది ఇప్పుడు అత్తయ్యే.