తేడా ఎన్ని గంటలో ముందు చూడండి

అందరికీ నమస్కారం. మన దేశమంతా గడియారం పెట్టుకునే 82 డిగ్రీల 30 నిమిషాల తూర్పు రేఖాంశం ఈ కాకినాడ దగ్గర్లోంచే పోతుంది. గంటకు 15 డిగ్రీల చొప్పున యూటీసీ (ప్రపంచమంతటికీ ప్రామాణిక సమయం) కంటే మనం అయిదున్నర గంటలు ముందున్నాం. డేటాబేస్‌లో టైము విషయంలో మనకొచ్చే టెన్షన్ చాలావరకు ఆ అయిదున్నర దగ్గరే.

భీమవరం వైపు రొయ్యల చెరువు ఒకటి అనుకుందాం. ఆక్సిజన్ కొలిచే సెన్సార్ రీడింగులు పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌కు పంపుతోంది. రాత్రంతా నాచు, రొయ్యలు ఆక్సిజన్ వాడుకుంటూనే ఉంటాయి, ఎండ లేక కొత్తది తయారవదు. అందుకే తెల్లవారుజామున డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) బాగా పడిపోతుంది, ఏ రైతునడిగినా చెబుతారు. మరి మీ గ్రాఫ్‌లో అయిదింటికి ఉండాల్సిన ఆ పల్లం ఎక్కడుంది?

రాత్రి పదకొండున్నరకు ఉంటే యూటీసీని మార్చకుండా చూపిస్తున్నారు. పగలు పదిన్నరకు ఉంటే డేటాబేస్ ఆ అయిదున్నర గంటలు ఒకసారి కలిపాక కోడ్‌లో ఎవరో మళ్లీ కలిపారు. ముందురోజు సాయంత్రం ఆరింటికి వెళ్లిందా? టైమ్‌జోన్ సెట్టింగ్‌లో 'యూటీసీ+5:30' అని రాసి ఉంటారు. పోసిక్స్ అనే కంప్యూటర్ ప్రమాణం పద్ధతిలో అక్కడ ప్లస్ అంటే గ్రీనిచ్‌కు పడమర! పొద్దున ఎనిమిదిన్నరకు జరిగితే మరీ తమాషా: సెన్సార్ టైము పక్కన 'ఐఎస్‌టీ' (మన భారత సమయం అనుకుని) అని పంపుతోంది. పోస్ట్‌గ్రెస్ 17 వరకు వచ్చిన వెర్షన్లు మామూలు సెట్టింగ్‌తో దాన్ని ఇజ్రాయెల్ టైముగా చదువుతాయి. పొట్టిపేర్లు మానేసి 'ఆసియా/కోల్‌కతా' అని పూర్తిగా రాయండి.

కన్సోల్‌లో ఒక టైము, యాప్‌లో ఒక టైము కనిపిస్తే సర్వర్‌ను తిట్టకండి. టైమ్‌జోన్ సెషన్‌కు, అంటే ఒక్కో కనెక్షన్‌కు, సంబంధించినది. జావా డ్రైవర్ (జావా యాప్‌ను డేటాబేస్‌కు కలిపే ప్రోగ్రామ్) కనెక్ట్ అవుతూనే తన మెషీన్ టైమ్‌జోన్‌ను సెషన్‌కు పెట్టేస్తుంది. 'షో టైమ్‌జోన్' యాప్ కనెక్షన్‌లోంచే అడగాలి.

మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్ వాడేవాళ్లకు ఒక్క మాట. టైమ్‌స్టాంప్ కాలమ్ యూటీసీలోకి మారి నిల్వ ఉంటుంది, డేట్‌టైమ్ ఇచ్చింది ఇచ్చినట్టే ఉంటుంది. ప్రాంతాల పేర్లతో 'కన్వర్ట్ టీజెడ్' వాడితే నల్ (ఖాళీ విలువ) వస్తోందంటే టైమ్‌జోన్ పట్టికలు లోడ్ చేయలేదేమో చూడండి.

ఇక పాత రికార్డులు. చాలామంది వెంటనే అయిదున్నర గంటలు కలిపే అప్‌డేట్ కొట్టేస్తారు. నాకు అది చూస్తేనే భయం. పోస్ట్‌గ్రెస్‌లో టైమ్‌జోన్ ఉన్న కాలమ్ అయితే నిల్వ సరిగ్గానే ఉండి, చూపించడంలోనే తేడా ఉండొచ్చు. అప్పుడు కలిపితే మంచి డేటా పాడవుతుంది. టైమ్‌జోన్ లేని కాలమ్ అయితే సర్వర్ సెట్టింగ్ ఎప్పుడు మారిందో పట్టుకుని, అంతకుముందువీ తర్వాతవీ వేరు చేయాలి. ఆ తేదీ ఎవరికీ గుర్తులేకపోతే గ్రాఫ్‌లో డీఓ పల్లం ఏ రోజున ఒక్కసారిగా జరిగిందో వెతకండి. బ్యాకప్ తీసుకుని, ముందు ఒక్క చెరువు డేటా మీద సరిచేసి చూడండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.