పిల్లి బిల్లు ఎవరు కడతారు?

అందరికీ నమస్కారం.

ఒక మగపిల్లితో మొదలుపెడతాను. పొద్దుటి నుంచి ఇసుక పెట్టెలోకి వెళ్తుంది, కూర్చుంటుంది, ఊరికే లేచి వస్తుంది. ఇంట్లోవాళ్లు మలబద్ధకం అనుకుంటారు. మూసుకుపోయింది మూత్రనాళం. మూత్రం కదలకపోతే రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. రెండు మూడు రోజుల్లో ప్రాణం పోవచ్చు. అర్ధరాత్రి ఆసుపత్రికి తెస్తే ముంగాలి మీద బొచ్చు గొరిగి సెలైన్ పెడతారు, రక్తపరీక్ష, ఈసీజీ చేస్తారు, మత్తిచ్చి సన్నని గొట్టం ఎక్కిస్తారు. తర్వాత రెండు మూడు రోజులు ఆ గొట్టంలోంచి మూత్రం ఎంత వచ్చిందో కొలుస్తూ ఉంటారు. చివర్లో బిల్లు చేతికొస్తుంది. "పిల్లికి ఇంతా?"

ఆ మాట అన్నవాళ్లను నేను తప్పుపట్టను. మన సొంత జబ్బుల ఖర్చును చాలా దేశాల్లో ప్రభుత్వమో బీమా సంస్థో మోస్తుంది కాబట్టి అసలు ధర మన కంటపడదు. జంతువు దగ్గర ఆ తెర లేదు. ఇక్కడ మత్తు డాక్టరు, ఎక్స్‌రే డాక్టరు, పళ్ల డాక్టరు అన్నీ చాలాసార్లు ఒకే మనిషి. రోగి ఎక్కడ నొప్పో చెప్పదు. పైగా జాతికో లెక్క: మనం తలనొప్పికి వేసుకునే పారాసిటమాల్ మాత్ర ఒక్కటి పిల్లి ప్రాణం తీయగలదు, దాన్ని విరిచేసే శక్తి పిల్లి కాలేయానికి చాలదు.

ఈ చదువు పెంపుడు జంతువుల కోసం పుట్టలేదు. 1761లో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో తొలి పశువైద్య పాఠశాలకు అనుమతి తెచ్చుకున్న క్లోద్ బూర్జెలా అప్పటికి గుర్రపుస్వారీ అకాడమీ నడిపేవాడు. రిండర్‌పెస్ట్ అనే పశువుల అంటురోగం మందలకు మందలను ఊడ్చేస్తున్న రోజులవి. రాజ్యం పట్టించుకున్నది ఆవులను, గుర్రాలను. ఆ చూపు నేటికీ పూర్తిగా పోలేదు. మంద ఆరోగ్యం ప్రజల అవసరం, ఒళ్లోని కుక్కపిల్ల సొంత ముచ్చట.

చదువు ఖర్చులోనూ దేశానికో తీరు. జర్మనీలో అయిదున్నరేళ్ల కోర్సుకు ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ట్యూషన్ ఫీజు దాదాపు ఉండదు. అమెరికాలో చాలామంది ముందు డిగ్రీ ముగించి, ఆపై నాలుగేళ్లు చదివి, భారీ అప్పుతో బయటపడతారు. అయితే బిల్లు పెరగడానికి ఆ అప్పొక్కటే కారణం అనేవారితో నేను ఏకీభవించను. బ్రిటన్‌ను చూడండి. అక్కడి పోటీ నియంత్రణ సంస్థ లెక్క ప్రకారం 2016 నుంచి 2023 మధ్య పశువైద్యం ధరలు 63 శాతం పెరిగాయి. 2013లో పెద్ద కంపెనీల చేతిలో ఉన్న ఆసుపత్రులు పదో వంతు, ఇప్పుడు సుమారు 60 శాతం. 1966 నాటి చట్టం మాత్రం డాక్టరును నియంత్రిస్తుంది, ఆసుపత్రి యజమానిని కాదు! జర్మనీలో ఫీజుల పట్టికే చట్టం. మామూలు వేళల్లో మూల ధరకు మూడు రెట్ల దాకా, రాత్రి అత్యవసరమైతే నాలుగు రెట్ల దాకా తీసుకోవచ్చు. 2022లో ఆ పట్టికను సవరించినప్పుడు అక్కడా జనం గగ్గోలు పెట్టారు. స్వీడన్‌లో ఎక్కువ కుక్కలకు బీమా ఉంది. మంచిదే, కానీ సాధారణంగా పాత జబ్బులకు అది వర్తించదు. కట్టేవాడు మరొకడైతే పరీక్షల జాబితా కూడా పొడవవుతుంది.

మళ్లీ మన పిల్లి దగ్గరికి వద్దాం. యజమాని దగ్గర అంత డబ్బు లేదు. చాలాచోట్ల అప్పుడు మిగిలేది శాశ్వతంగా నిద్రపుచ్చే సూదే. అమెరికాలో కొందరు వైద్యులు మరో దారి ప్రయత్నించారు. గొట్టం లేదు. నొప్పికి, భయానికి మందులిచ్చి, అవసరమైనప్పుడు సూదితో మూత్రాశయం ఖాళీ చేసి, పిల్లిని చీకటిగా, నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఉంచారు. 2010లో అచ్చయిన ఆ ఫలితాల్లో 15 పిల్లుల్లో 11 తమంతట తామే మూత్రం పోశాయి. గొట్టం పెట్టడమే మెరుగైన వైద్యం, అందులో సందేహం లేదు. కానీ ఈ రెండో దారి పేరు ఆ రాత్రి యజమాని చెవిన వేసే డాక్టర్లు ఎంతమంది?