అడవి పందుల్ని లెక్కపెట్టడం ఎందుకింత కష్టం?

[తెర మీద: తెల్లవారుజాము, మొక్కజొన్న చేను, ఒక మూల మొత్తం నేలకు ఒరిగిపోయి ఉంటుంది]

ఈ చేను చూడండి. కంకి పాలు పోసుకునే దశ, రాత్రికి రాత్రి ఈ మూలంతా సాపు అయిపోయింది. చేలో ఎన్ని పందులు పడ్డాయని అడిగితే ఒకరు యాభై అంటారు, పక్క చేను ఆయన వంద అంటాడు, కానీ ఈ మాత్రం పనికి ఓ పది పందుల మంద చాలు, ఎందుకంటే అవి తిన్నదానికంటే తొక్కి విరిచేదే ఎక్కువ. అందుకే పోయిన పంటను చూసి ఎన్ని పందులున్నాయో చెప్పలేం.

అసలు వచ్చింది పందేనా, కోతా? ముందు అది తేల్చాలి.

[తెర మీద: విరిగిన కర్ర, పక్కనే బురదలో అడుగు, దగ్గర నుంచి]

పంది కర్రనే విరిచి కింద పడేసి కంకి నములుతుంది. కోతి వస్తే కర్ర చాలావరకు నిలబడే ఉంటుంది, కంకి మీద పొట్టు ఒలిచి, రెండు కొరుకులు కొరికి అవతల పారేసి, ఇంకోటి తెంపుతుంది. ఇక నేల మీద చూడండి, రెండు గిట్టల గుర్తు, వాటి వెనక అటూ ఇటూ రెండు చిన్న గుంటలు, అవి ఉన్నాయంటే దాదాపు పందే. జింక అడుగులో అవి బాగా మెత్తటి బురద అయితే తప్ప మామూలుగా కనిపించవు.

సరే, పందే అని తేలింది. మరి ఎన్ని?

పులుల్ని లెక్కపెట్టగలిగినప్పుడు పందుల్ని ఎందుకు లెక్కపెట్టలేరని చాలామంది అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2022 లెక్కల్లో మన దేశంలో పులులు సగటు అంచనాగా 3,682 అని చెప్పారు. పులికి ఒంటి మీద చారలుంటాయి, ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు కాబట్టి అడవిలో పెట్టిన, జంతువు ఎదురొస్తే దానంతటదే ఫొటో తీసే కెమెరాలో పడిన పులి నిన్నటిదో కొత్తదో తెలిసిపోతుంది. పందికి ఆ సౌకర్యం లేదు. కెమెరాలో పది ఫొటోలు పడ్డాయంటే పది పందులు ఒక్కోసారి వెళ్ళి ఉండొచ్చు, ఒక్క పందే పదిసార్లు అటూ ఇటూ తిరిగి ఉండొచ్చు, ఫొటో చూస్తే రెండూ ఒకటే.

దీనికి శాస్త్రవేత్తలు 2008లో ఒక దారి చూపించారు, నాకైతే భలే నచ్చిన పద్ధతి. కెమెరాలో ఎన్ని ఫొటోలు పడతాయన్నది మూడు విషయాల మీద ఆధారపడుతుంది: అక్కడ జంతువులు ఎన్ని ఉన్నాయి, ఒక్కోటి రోజుకు ఎంత దూరం నడుస్తుంది, కెమెరా ఎంత దూరం వరకు, ఎంత వెడల్పున చూడగలదు. చివరి రెండూ విడిగా కొలిచేస్తే మొదటిది లెక్కలో వచ్చేస్తుంది, ఏ పంది ఏదో గుర్తుపట్టాల్సిన పనే లేదు. గుంపులుగా తిరిగే జంతువు కాబట్టి మందకు సగటున ఎన్ని ఉంటాయో కూడా చూసుకోవాలి.

కానీ ఇందులో ఒక మెలిక ఉంది. కెమెరాలు వాటి దారులతో సంబంధం లేకుండా ఎక్కడ పడితే అక్కడ పెట్టాలి. నీటి గుంట దగ్గరో, పందులు రోజూ నడిచే బాట మీదో పెడితే ఫొటోలు బోలెడు పడతాయి, లెక్క మాత్రం ఆకాశానికి వెళ్తుంది.

[తెర మీద: చెరువు కట్ట పక్కన దట్టమైన సర్కారు తుమ్మ పొదలు]

ఇంకో చిక్కు. ఎండాకాలంలో అడవిలో నీటి గుంటల దగ్గర కూర్చుని లెక్కపెట్టే పద్ధతి ఎప్పటినుంచో ఉంది. కానీ మన చేలో పడే పంది అడవిలోనే ఉంటుందని ఎవరు చెప్పారు? చెరువు కట్ట కింద సర్కారు తుమ్మలో, చెరుకు తోటలో పగలంతా పడుకుని చీకటి పడ్డాక బయటికి వస్తుంది. అడవి లోపల మాత్రమే లెక్కపెడితే రైతుకు తగులుతున్న మంద ఆ లెక్కలోకే రాదు. నన్నడిగితే మొదట లెక్కపెట్టాల్సింది ఈ తుమ్మ పొదల చుట్టూనే.

కాలం కూడా చూడాలి. పందికి చూలు కాలం నాలుగు నెలల లోపే, ఈతకు మామూలుగా నాలుగు నుంచి ఆరు పిల్లలు. అంటే ఈనకముందు వేసిన లెక్కకీ, ఈనిన తర్వాత వేసిన లెక్కకీ పొంతనే ఉండదు. రెండిటినీ పక్కపక్కన పెట్టి "పందులు ఇంత పెరిగాయి" అని ఎవరైనా చెప్తే, ఏ నెలలో లెక్కపెట్టారని అడగండి.

కోతుల సంగతి కొంచెం నయం, పగలే తిరుగుతాయి, గుంపు కంటికి కనిపిస్తుంది. అయితే ఒకే గుంపును రెండు ఊళ్ళవాళ్ళూ లెక్కపెట్టే ప్రమాదం ఉంది, అందుకే అన్ని ఊళ్ళలో ఒకే సమయంలో లెక్కపెట్టడం మంచిది. హిమాచల్ ప్రదేశ్‌లో 2004లో సుమారు 3.17 లక్షల కోతులున్నాయని లెక్క తేలింది. తర్వాత కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు మొదలుపెట్టారు, 2015కి 2.07 లక్షలన్నారు, 2020 నాటికి 1.36 లక్షలన్నారు. అంకె తగ్గింది, రైతుల గొడవ మాత్రం ఆగలేదు. ఎందుకంటే రాష్ట్రం మొత్తం మీద తగ్గినా, మీ తోట పక్కన మకాం వేసిన గుంపు అక్కడే ఉంటే మీకేం తేడా? మన నిర్మల్‌లో కూడా 2020లో కోతుల పునరావాస కేంద్రం తెరిచారు, అక్కడా ఇవే ఆపరేషన్లు. అవి పనిచేశాయో లేదో తెలియాలంటే ముందూ వెనకా ఒకే పద్ధతిలో లెక్క ఉండాలి కదా.

ఇక చంపడం. 2015 చివర్లో బిహార్‌లోని కొన్ని జిల్లాల్లో నీల్గాయ్‌ని, అంటే మన మనుబోతుని, దాంతోపాటు అడవి పందిని కేంద్రం ఏడాదిపాటు 'వర్మిన్'గా, అంటే చంపినా తప్పులేని హానికర జంతువుగా ప్రకటించింది. 2016 జూన్‌లో మొకామా దగ్గర రెండు వందలకు పైగా మనుబోతుల్ని కాల్చారు, ఆ కాల్చినవాళ్ళు వెళ్ళింది హైదరాబాద్ నుంచే. దీని మీద కేంద్ర మంత్రుల మధ్యే మాటల గొడవ నడిచింది. కేరళలో 2022 నుంచి పంచాయతీ అధ్యక్షులే పందిని కాల్చడానికి అనుమతి ఇవ్వొచ్చు, విషం, పేలుడు మందు, కరెంటు మాత్రం వాడకూడదు. కరెంటు తీగ సంగతి మనకు చెప్పక్కర్లేదు, పందికని పెట్టిన తీగకు మనుషులు పోయిన వార్తలు మన దగ్గరా వస్తూనే ఉన్నాయి.

కాల్చినవాటిని లెక్క రాసుకుంటే అదీ పనికొస్తుంది, యూరప్‌లో పందుల పెరుగుదలను చాలాచోట్ల అలాగే అంచనా వేస్తారు. వేటగాళ్ళు ఎన్ని రాత్రులు తిరిగారో కూడా రాస్తేనే దానికి అర్థం. పది రాత్రులకు పది పడటం వేరు, ఒక్క రాత్రికే పది పడటం వేరు.

మన వైపు నుంచి చేయగలిగింది ఒకటుంది. నష్టం జరిగిన పొద్దున్నే, మళ్ళీ దున్నకముందే, పోయిన మూలను పొడవూ వెడల్పూ అడుగులతో కొలవండి. బురదలో అడుగు పక్కన పెన్నో, అగ్గిపెట్టెనో పెట్టి ఫొటో తీయండి, సైజు తెలుస్తుంది. ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి తీస్తే తేదీ, చోటు రెండూ ఫొటోలోనే ఉండిపోతాయి. ఊళ్ళో ఓ ఇరవై మంది ఒక సీజన్ అంతా ఇలా తీసిన ఫొటోలన్నీ ఒకచోట పెడితే, మంద ఏ పొద నుంచి ఏ దారిన వస్తోందో మ్యాప్ మీద కనిపిస్తుంది, కెమెరాలు పెట్టడానికి వచ్చినవాళ్ళకు ఏ ప్రాంతాన్ని కొలవాలో అక్కడే తెలిసిపోతుంది.