సీనియర్లు ఎవరిని అడగాలి?

అందరికీ నమస్కారం.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో కొత్తగా చేరినప్పుడు ఎర్రర్ మెసేజ్ కాపీ చేసి వెతికితే చాలు, ఎవరో ఒకరు ఎప్పుడో అదే గోతిలో పడి లేచి ఉంటారు. 2008లో మొదలైన, ప్రోగ్రామర్లు ప్రశ్నలడిగి జవాబులు పొందే సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో బలమంతా అదే. అనుభవం పెరిగాక చిక్కు మారుతుంది. "ఈ పాత సిస్టమ్‌ని ముక్కలు చేయాలా, ఇలాగే నెట్టుకురావాలా?" అని అక్కడ అడిగితే, అభిప్రాయాల ప్రశ్న అని మూసేయడమే ఏళ్లుగా అక్కడి అలవాటు. వాళ్ల నియమం వాళ్లకు సబబే. కానీ సీనియర్లకు మిగిలేవి చాలావరకు అలాంటి ప్రశ్నలే. ఆఫీసులో అడుగుదామంటే అందరూ జవాబు కోసం మనవైపే చూస్తుంటారు!

అందుకే సాటి అనుభవజ్ఞులు కలిసే ఇలాంటి చోటు కావాలంటాను. దాని విలువ 2024 మార్చిలో చూశాం. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ డెవలపర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్, డెబియన్ అనే లైనక్స్ సిస్టమ్‌లో వేగం కొలతలేవో తీస్తున్నారు. దూరంగా ఉన్న కంప్యూటర్‌లోకి భద్రంగా వెళ్లే ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోంది, సీపీయూని తెగ తినేస్తోంది. ఇంకొకరైతే నెట్‌వర్క్ మీదకు నెట్టేసి ఊరుకునేవారు. ఆయన తవ్వుకుంటూ పోయి, ఫైళ్ల సైజు తగ్గించే ఎక్స్‌జెడ్ అనే కంప్రెషన్ ప్యాకేజీ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి పెట్టారని పట్టుకున్నారు. 29న సెక్యూరిటీ నిపుణులు చదివే చోట తనకు తెలిసినదంతా రాశారు. ఇంకా తేలనిదేమిటో కూడా రాశారు, నాకు ముఖ్యంగా నచ్చింది అదే. ముక్కూమొహం తెలియనివాళ్లు అక్కడినుంచి అందుకుని మిగతా ముడి విప్పారు.

ఇదే కథలో చేదు భాగమూ ఉంది. ఆ ప్యాకేజీని ఏళ్లపాటు చూసుకున్నది ఒక్కరే. 2022లో ఊరూపేరూ లేని ఖాతాలు "పని సాగడం లేదు, ఇంకొకరికి అప్పగించండి" అని బహిరంగంగా సతాయించాయి. జీతం లేకుండా సరదాగా చేస్తున్న పని అని ఆయన చెప్పుకున్నా వదల్లేదు. చివరికి సాయానికొచ్చిన జియా టాన్ అనే ఖాతాకు ప్యాకేజీలో మార్పులు చేసే హక్కులు దక్కాయి. దొంగదారి వచ్చింది ఆ ఖాతా నుంచే. "ఆగండి, ఈ ప్యాచ్ (కోడ్‌లో మార్పు) నేను చూస్తాను" అనే సీనియర్లు మరో ఇద్దరుంటే ఏమయ్యేదో!

ఇక్కడ ఒకరి ప్రశ్నకు జవాబిచ్చేటప్పుడు "మాకు పనిచేసింది" అని వదిలేయకండి. టీమ్ ఎంత, ట్రాఫిక్ ఎంత, ఎక్కడ దెబ్బతిన్నారో కూడా చెప్పండి. అలా చెప్పినవాళ్లూ ఉన్నారు: 2017 జనవరి 31న, కోడ్ దాచుకునే సైటు గిట్‌ల్యాబ్‌లో పొరపాటున అసలు డేటాబేస్ తుడిచిపెట్టుకుపోయింది. దాదాపు ఆరు గంటల డేటా తిరిగి రాలేదు. ఉన్న ఐదు రకాల బ్యాకప్, రెప్లికేషన్ (డేటాకు మరోచోట నకలు ఉంచడం) ఏర్పాట్లలో ఒక్కటీ నమ్మదగ్గట్టు లేదని వాళ్లే బయటపెట్టారు. మీరూ ఈ వారం మీ బ్యాకప్‌ని నిజంగా రీస్టోర్ చేసి చూడండి. ఏం తేలిందో ఇక్కడ రాయండి, పేర్లు తీసేసి రాసినా ఫర్వాలేదు. ముందుగా చదివేది నేనే.