ఫ్యాన్లు తిరుగుతాయి, డిస్‌ప్లే రాదు

(కంప్యూటర్ సమస్యలపై ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి కొంత భాగం)

వ్యాఖ్యాత: నమస్కారమండీ. మధ్యలో ఆగిపోయే కంప్యూటర్లు, అసలు ఆన్ కాని కంప్యూటర్ల గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. రిపేర్లు చేసి చేసి చేయి తిరిగిన సార్ మనతో ఉన్నారు. మొదటి కాల్ తీసుకుందాం. హలో, చెప్పండి.

శ్రోత: నమస్కారం సార్. మా డెస్క్‌టాప్ కొన్నాళ్లుగా ఏడిపిస్తోంది. పని చేసుకుంటుంటే నీలం తెర వచ్చి దానంతటదే రీస్టార్ట్ అయ్యేది. ఒక్కోరోజు అసలేమీ లేనట్టే ఉండేది. నిన్నటి నుంచి డిస్‌ప్లేనే రావట్లేదు. బటన్ నొక్కితే ఫ్యాన్లు తిరుగుతున్నాయి, అంతే. తెలిసినవాళ్లు ఫార్మాట్ కొట్టించమంటున్నారు.

నిపుణుడు: ఫార్మాట్ మాట పక్కన పెట్టండమ్మా. ఫార్మాట్ అంటే డిస్క్‌లో ఉన్న విండోస్ తుడిచేసి మళ్లీ వేయడం. మీ కంప్యూటర్ ఇంకా డిస్క్ దాకా వెళ్లనే లేదు. బటన్ నొక్కగానే మదర్‌బోర్డు ముందు తన సామాను తాను చూసుకుంటుంది. ప్రాసెసర్ ఉందా, ర్యామ్ ఉందా, గ్రాఫిక్స్ ఉందా అని. అన్నీ సరిగ్గా ఉంటేనే కంపెనీ లోగో వస్తుంది. విండోస్ వంతు ఆ తర్వాతే. లోగో కూడా రావట్లేదంటే ఈ క్షణంలో అడ్డం పడుతున్నది విండోస్ కాదు. ఇప్పుడు మీరు దాని దగ్గరే ఉన్నారా?

శ్రోత: ఎదురుగానే ఉన్నాను సార్.

నిపుణుడు: మానిటర్ కేబుల్ వెనకాల ఎక్కడ పెట్టారు? పైన యూఎస్‌బీల పక్కనా, కింద అడ్డంగా ఉన్న గ్రాఫిక్స్ కార్డుకా?

శ్రోత: కింద కార్డుకే.

నిపుణుడు: మంచిది. కార్డు ఉండగా పైన గుచ్చి, డిస్‌ప్లే పోయిందని రిపేరుకు తెచ్చేవాళ్లు చాలామందే ఉన్నారు. ఇప్పుడు ఆన్ చేసి, ఓ నిమిషం ఆగి కీబోర్డు మీద నమ్ లాక్ నొక్కండి. దాని లైటు వెలిగి ఆరుతోందా?

శ్రోత: లేదు సార్. అసలు లైటే రావట్లేదు.

నిపుణుడు: లైటు మారి ఉంటే, బోర్డు తన పని చేసుకుంటోంది, బొమ్మ దగ్గరే తేడా అని అనుకునేవాళ్లం. ఇక్కడ బోర్డే ఎక్కడో ఇరుక్కుంది. సైడ్ ప్యానెల్ తీయగలరా?

శ్రోత: తీసే ఉంచాను. దుమ్ము తుడుద్దామని.

నిపుణుడు: ఇంకేం. బోర్డు అంచున బియ్యపుగింజంత లైట్లు నాలుగు ఉంటాయి, అన్ని బోర్డులకూ ఉండవనుకోండి. పక్కన సన్న అక్షరాల్లో సీపీయూ, డీఆర్ఏఎం, వీజీఏ, బూట్ అని ఉంటుంది. ఏది వెలిగి అలాగే ఆగిపోయింది?

శ్రోత: డీఆర్ఏఎం దగ్గర పసుపు లైటు.

నిపుణుడు: అదీ సంగతి. ర్యామ్ దగ్గర ఆగింది. ఇప్పుడు చెప్పిన వరసలోనే చేయండి. ఆఫ్ చేసి, కరెంటు వైరు పీకేయండి. పీకేశాక పవర్ బటన్ కాసేపు నొక్కి పట్టుకోండి, లోపల మిగిలిన కరెంటు పోతుంది. ర్యామ్ ముట్టుకునే ముందు క్యాబినెట్ ఇనుము మీద చేయి వేయండి. మన ఒంటి మీది స్టాటిక్ చాలు చిప్పు పోవడానికి. ర్యామ్ ఎన్ని కర్రలున్నాయి?

శ్రోత: రెండు సార్. స్లాట్లు నాలుగు.

నిపుణుడు: రెండూ తీసేయండి. ఒకటి మాత్రం ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్‌లో పెట్టండి. చాలా బోర్డుల్లో ఒంటి కర్రకు అదే చోటు. కింద గాడి కుదిరిందో లేదో చూసి, రెండు చివరలా బొటనవేళ్లతో టక్కుమనేదాకా నొక్కాలి. భయపడి సగం నొక్కితే పైకి బాగానే కూర్చున్నట్టు కనిపిస్తుంది, పని మాత్రం చేయదు.

శ్రోత: క్లిప్పు ఒకవైపే ఉంది సార్, రెండోవైపు లేదు.

నిపుణుడు: కొన్ని బోర్డులు అంతే. వైరు పెట్టి ఆన్ చేసి, వెంటనే ఆపేయకుండా ఆగండి. ర్యామ్ మార్చాక మొదటిసారి బోర్డు దాన్ని కొత్తగా పరీక్షించుకుంటుంది. డీడీఆర్5 అనే కొత్త రకం ర్యామ్ అయితే నిమిషాలు కూడా పట్టొచ్చు. ఈలోగా టెన్షన్ పడి ఆఫ్ చేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

వ్యాఖ్యాత: లైన్లోనే ఉండండమ్మా. ఈలోపు ఒక మెసేజ్. "గేమ్ ఆడుతుంటే పది నిమిషాలకు ఠక్కున ఆగిపోతోంది. నీలం తెర కూడా రాదు. కాసేపాగితే మళ్లీ ఆన్ అవుతుంది."

నిపుణుడు: చల్లారాక ఆన్ అవుతోందంటే ముందు అనుమానించాల్సింది వేడినే. ప్రాసెసర్ 100 డిగ్రీల దాపుకు వెళ్తే ముందు వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ చాలకపోతే తనను కాపాడుకోవడానికి కరెంటు కట్ చేసుకుంటుంది. ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ రెక్కల మధ్య దుమ్ము ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకోండి. ప్రాసెసర్ మీది పేస్టు ఎండిపోయి ఉంటే తుడిచి కొత్తది వేయాలి. ఇవన్నీ చేసినా ఆగుతోందంటే ఎస్‌ఎంపీఎస్ వైపు, అంటే కంప్యూటర్‌కు కరెంటు అందించే డబ్బా వైపు చూడాలి. గేమ్‌లో గ్రాఫిక్స్ కార్డు ఒక్కసారిగా కరెంటు లాగితే బలహీనమైన ఎస్‌ఎంపీఎస్ చేతులెత్తేస్తుంది.

శ్రోత: సార్, సార్! లోగో వచ్చింది!

నిపుణుడు: విండోస్ లోకి వెళ్లనివ్వకండి, అక్కడే ఆఫ్ చేయండి. ఇప్పుడు రెండో కర్రను అదే స్లాట్‌లో పెట్టి చూడండి.

వ్యాఖ్యాత: దొరికింది కదండీ, ఇంకా ఎందుకు?

నిపుణుడు: ఇంకా దొరకలేదండీ. తీసి పెట్టడం వల్ల కాంటాక్ట్ కుదిరి పని చేసిందేమో, స్లాట్ పాడైందేమో, రెండో కర్ర పోయిందేమో. ఒకసారికి ఒక్కటే మార్చాలి. నాలుగూ ఒకేసారి మారిస్తే బాగవుతుంది కానీ దేనివల్ల బాగైందో తెలియదు. వారానికి మళ్లీ మొదలైతే మళ్లీ గుడ్డిగా వెతకాలి.

వ్యాఖ్యాత: ర్యామ్‌లో తేడా ఉంటే ఇన్నాళ్లూ నీలం తెరలు ఎందుకొచ్చాయి?

నిపుణుడు: ర్యామ్‌లో ఒకచోట రాసింది ఇంకోలా చదవబడితే విండోస్ గుండెకాయ లాంటి భాగాలే దారి తప్పుతాయి. ఆ తప్పుడు లెక్కను డిస్క్ మీద రాసేలోపు విండోస్ తనంతట తాను ఆగిపోతుంది. నీలం తెర అంటే అదే. దాని మీది స్టాప్ కోడ్‌ను ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి. ప్రతిసారీ ఒకే కోడ్, ఒకే డ్రైవర్ ఫైలు పేరు వస్తుంటే సాఫ్ట్‌వేర్ మీద అనుమానం. ఒకసారి మెమరీ మేనేజ్‌మెంట్, మరోసారి పేజ్ ఫాల్ట్ అంటూ పూటకో కోడ్ వస్తుంటే నా చూపు ముందు ర్యామ్ మీదికే పోతుంది.

శ్రోత: రెండోది పెడితే రావట్లేదు సార్. మళ్లీ పసుపు లైటే. చాలాసేపు ఆగాను. పెన్సిల్ రబ్బరుతో రుద్దితే బాగవుతుందంటారు, నిజమేనా?

నిపుణుడు: బంగారు రంగు అంచు మసకబారి ఉంటే మెత్తటి రబ్బరుతో నెమ్మదిగా రుద్దొచ్చు. రబ్బరు పొట్టు స్లాట్‌లో పడితే మాత్రం ఉన్న తలనొప్పికి ఇంకోటి తోడవుతుంది, పూర్తిగా దులపండి. అప్పటికీ రాకపోతే ఆ కర్ర పోయినట్టే. ర్యామ్‌కు చాలా కంపెనీలు జీవితకాలం వారంటీ ఇస్తాయి, బిల్లు వెతకండి. బాగున్న కర్రనూ గుడ్డిగా నమ్మకండి. ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రామ్ ఉచితంగా దొరుకుతుంది, పెన్‌డ్రైవ్‌లో వేసి దాంతోనే బూట్ చేసి రాత్రంతా నడవనివ్వండి. ఒక్క తప్పు చూపించినా అది పనికిరాదు. అంతా బాగుంటే అప్పుడు విండోస్ లోకి వెళ్లి విండోస్ ఫైళ్లను సరిచేసే ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ, డిస్క్ తప్పులు సరిచేసే చెక్‌డిస్క్ కమాండ్లు నడపండి. ఈ వరస తిప్పకండి. పాడైన ర్యామ్‌తో డిస్క్ రిపేర్ చేయిస్తే బాగున్న ఫైళ్లు కూడా చెడతాయి.

శ్రోత: చాలా థ్యాంక్స్ సార్.

వ్యాఖ్యాత: తర్వాతి కాల్. చెప్పండి.

రెండో శ్రోత: సార్, నాది ల్యాప్‌టాప్. లోగో వస్తుంది, చుక్కలు తిరుగుతాయి, ఆటోమేటిక్ రిపేర్ అంటుంది, మళ్లీ మొదటికొస్తుంది. ఇప్పుడు రీసెట్ దిస్ పీసీ అని చూపిస్తోంది. నొక్కబోతూ మీకు ఫోన్ చేశాను.

నిపుణుడు: నొక్కకండి బాబూ, చేయి తీసేయండి. లోపల ముఖ్యమైనవి ఏమైనా ఉన్నాయా?

రెండో శ్రోత: ప్రాజెక్ట్ మొత్తం అందులోనే ఉంది సార్. ఇంకెక్కడా లేదు.

నిపుణుడు: లోపల టిక్ టిక్ మని శబ్దం వస్తోందా?

రెండో శ్రోత: ఏమీ రావట్లేదు. ఎస్ఎస్‌డీ అన్నారు కొన్నప్పుడు.

నిపుణుడు: సరే. పాత తిరిగే హార్డ్ డిస్క్ అయ్యుండి టిక్ టిక్ అంటుంటే ఆఫ్ చేసి డేటా రికవరీ వాళ్లకు ఇచ్చేయమనేవాణ్ని. మీ విషయంలో ముందు ప్రాజెక్ట్ బయటికి తీద్దాం, రిపేర్ తర్వాత. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, కమాండ్ ప్రాంప్ట్‌కు వెళ్లండి. బిట్‌లాకర్ అంటే డిస్క్‌కు విండోస్ వేసే తాళం, దాని కీ అడిగితే 48 అంకెలుంటాయి. ఇంకో ఫోన్‌లో మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి చూడండి, చాలావరకు అక్కడే ఉంటుంది. నల్ల తెర వచ్చాక నోట్‌ప్యాడ్ అని టైప్ చేసి ఎంటర్ కొట్టండి.

రెండో శ్రోత: నోట్‌ప్యాడ్‌తో ఏం పని సార్?

నిపుణుడు: రాసేదేమీ లేదు. దాంట్లో ఫైల్, ఓపెన్ కొట్టి, కింద ఆల్ ఫైల్స్ పెడితే డిస్క్‌లోవన్నీ కనిపిస్తాయి. మీ ఫోల్డర్ మీద రైట్ క్లిక్, కాపీ. పెన్‌డ్రైవ్‌లోకి వెళ్లి పేస్ట్. మీ సీ డ్రైవ్ అక్కడ డీ అని కనిపించొచ్చు, కంగారుపడకండి. ఎంత కాపీ అయిందో కూడా చూపించదు, కదలకుండా ఉన్నా ఆగండి. పెన్‌డ్రైవ్‌ను ఇంకో కంప్యూటర్‌లో పెట్టి ఫైళ్లు తెరుచుకుంటున్నాయో లేదో చూశాకే మిగతా పని. ఈ మధ్య ఏదైనా అప్‌డేట్ పడిందా?

రెండో శ్రోత: మొన్న రాత్రి పడింది. పొద్దున్నుంచే ఇలా.

నిపుణుడు: కాపీ అయ్యాక అదే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్ ఉంటుంది, దాంతో మొదలుపెట్టండి. అది కుదరకపోతే సిస్టమ్ రీస్టోర్. అదీ కాకపోతే స్టార్టప్ సెట్టింగ్స్‌లో 4 నొక్కి సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, కొత్తగా వేసిన డ్రైవర్ తీసేయండి. రీసెట్ అన్నిటికంటే చివర.

వ్యాఖ్యాత: ఒక్క చిన్న కాల్ తీసుకుందాం. హలో?

మూడో శ్రోత: సార్, మాది డెస్క్‌టాప్. బటన్ నొక్కితే అసలేమీ లేదు. లైటూ లేదు, చప్పుడూ లేదు.

నిపుణుడు: వెనకాల ఎస్‌ఎంపీఎస్ దగ్గర చిన్న స్విచ్ ఉంటుంది, సున్నా వైపు పడిందేమో చూడండి. అది సరిగ్గానే ఉంటే అదే వైరును వేరే ప్లగ్గులో పెట్టి చూడండి. మాడు వాసన ఏమైనా వచ్చిందా?

మూడో శ్రోత: నిన్న కొంచెం వచ్చినట్టుంది.

నిపుణుడు: అయితే ఇంక ఆన్ చేయకండి. వైరు పీకేసి ఎస్‌ఎంపీఎస్ మార్పించండి. ఆ డబ్బా మాత్రం మీరు విప్పొద్దు. వైరు తీసేసినా లోపలి కెపాసిటర్లలో షాక్ కొట్టేంత కరెంటు నిలవుంటుంది. కొత్తది పెట్టాక ఆన్ అయిందనుకోండి, వెంటనే పనిలో దిగకుండా ముందు మీ ఫైళ్లు కాపీ చేసుకోండి. ఎస్‌ఎంపీఎస్ పోతూ పోతూ డిస్క్‌కు, బోర్డుకు దెబ్బ తగిలించి ఉండొచ్చు, అది వెంటనే బయటపడదు.

మూడో శ్రోత: సరే సార్, వైరు ఇప్పుడే పీకేస్తున్నాను.