బండి మోయగల బరువుని పెంచేది గాలి కాదు: పికప్ ట్రక్‌కి ఎయిర్ సస్పెన్షన్ వేయించే ముందు

అందరికీ నమస్కారం.

ఇక్కడున్న చాలామందికి ముప్పావు టన్ను ట్రక్కో, ఒక టన్ను ట్రక్కో (అమెరికాలో పెద్ద పికప్‌ల తరగతుల పేర్లు ఇవి) ఉంది. వెనకాల ట్రెయిలర్ లాగుతారు. కాబట్టి కాంక్రీట్ హైవే సంగతి నేను వేరే చెప్పక్కర్లేదు. పలకకీ పలకకీ మధ్య అతుకు ఉంటుంది. ముందు చక్రాలు దాటినప్పుడు ఒక దెబ్బ, వెనక చక్రాలు దాటినప్పుడు ఇంకో దెబ్బ, ఆ తర్వాత ట్రెయిలర్ వెనక నుంచి ఒక తోపు. ఇలా రెండు గంటలు పోతే నడుము పట్టేస్తుంది. మా నాన్నగారు ఒకసారి వెనక సీట్లో కూర్చుని మాతో వచ్చారు. దిగేటప్పుడు తలుపు పట్టుకుని ఒక నిమిషం అలాగే నిలబడిపోయారు. ఏమీ అనలేదు. ఎయిర్ సస్పెన్షన్, అంటే గాలి నింపిన రబ్బరు బ్యాగులతో బండి బరువు మోయించే పద్ధతి గురించి నేను సీరియస్‌గా చదవడం మొదలుపెట్టింది ఆ రాత్రే.

నన్ను ఎక్కువమంది అడిగే ప్రశ్న ఒకటుంది: "అన్నా, ఎయిర్ బ్యాగులు వేయిస్తే ఎంత బరువైనా లాగొచ్చు కదా?" లాగకూడదు. ఎందుకు లాగకూడదో అర్థమైతే, సుఖం ఎక్కడి నుంచి వస్తుందో కూడా దాంతోపాటే అర్థమవుతుంది.

ముందు స్ప్రింగ్ దగ్గర మొదలుపెడదాం. మన హెవీ డ్యూటీ ట్రక్కుల్లో చాలావాటికి వెనక లీఫ్ స్ప్రింగులే ఉంటాయి. మన ఊళ్ళల్లో లారీ వాళ్ళు కమాన్ కట్టలు అంటారే, అవే. రామ్ కంపెనీ ముప్పావు టన్ను ట్రక్ 2500కి మాత్రం 2014 మోడల్ నుంచి వెనక కాయిల్ స్ప్రింగులు వచ్చాయి, కావాలంటే కంపెనీ ఎయిర్ సస్పెన్షనే తీసుకోవచ్చు. అదే ఏడాది ఒక టన్ను ట్రక్ 3500కి కమాన్ కట్టలు అలాగే ఉంచి, వాటికి సాయంగా ఎయిర్ బ్యాగులు ఆప్షన్‌గా ఇచ్చారు. ఒకే కంపెనీ, ఒకే సంవత్సరం, రెండు వేర్వేరు పద్ధతులు. ఈ తేడా మనకి మళ్ళీ పనికొస్తుంది.

కమాన్ కట్ట బిగువు ఫ్యాక్టరీలోనే ఖాయమైపోతుంది. పూర్తి లోడ్‌ని దృష్టిలో పెట్టుకుని తయారు చేస్తారు. బెడ్ ఖాళీగా ఉన్నా దాని బిగువు మాత్రం తగ్గదు. స్ప్రింగ్ మీదున్న బరువు సగమైతే బండి ఊగే వేగం దాదాపు 1.4 రెట్లు పెరుగుతుంది. మన శరీరానికి సెకనుకి ఒకటి, ఒకటిన్నర సార్లు ఊగడం హాయిగా ఉంటుంది, మనం నడిచే లయకి దగ్గర కాబట్టి. సెకనుకి 4 నుంచి 8 సార్లు పైకీ కిందికీ అదిరితే మాత్రం శరీరం అస్సలు ఓర్చుకోలేదు. ఖాళీ ట్రక్ కట్టెలా ఎగిరిపడటానికి కారణం ఇదే. ఆ స్ప్రింగ్‌లో లోపమేమీ లేదు, దానికి తగిన బరువు మీద లేదంతే.

గాలి స్ప్రింగ్ తీరు వేరు. రబ్బరు బ్యాగులో ఉన్న గాలి బరువుని మోస్తుంది. బరువు పెరిగినప్పుడు ఎత్తు మారకుండా గాలి ఎక్కించామనుకోండి, ఒత్తిడితో పాటు బిగువు కూడా పెరుగుతుంది. బరువు తగ్గి గాలి వదిలితే బిగువూ తగ్గుతుంది. అంటే ఖాళీగా ఉన్నా, నిండా ఉన్నా బండి ఊగే లయ దాదాపు ఒకటే. బస్సుల వాళ్ళు, పెద్ద సెమీ ట్రక్కుల వాళ్ళు గాలిని ఎంచుకోవడానికి మూలం ఇదే. జీఎం తన బస్సులకి 1953లోనే ఎయిర్ సస్పెన్షన్ పెట్టింది. 1957లో కాడిలాక్ ఎల్డొరాడో బ్రోమ్ కారుకి కూడా పెట్టారు కానీ, లీకులు భరించలేక చాలామంది ఓనర్లు దాన్ని పీకించి మామూలు కాయిల్ స్ప్రింగులు వేయించుకున్నారు. లీకుల సంగతికి మళ్ళీ వస్తాను, ఇప్పటికీ అసలు తలనొప్పి అదే.

ఇప్పుడు మార్కెట్లో మనం కొనేవి రెండు రకాలు. రెండింటినీ ఎయిర్ సస్పెన్షన్ అనే అమ్ముతారు. నాకు కోపం తెప్పించేది ఇదే.

మొదటిది సాయం బ్యాగులు. కమాన్ కట్టలు అలాగే ఉంటాయి, ఫ్రేమ్‌కీ యాక్సిల్‌కీ మధ్య రెండు బ్యాగులు అదనంగా కూర్చుంటాయి. ఫైర్‌స్టోన్ రైడ్ రైట్, ఎయిర్ లిఫ్ట్ లోడ్‌లిఫ్టర్ 5000 ఈ కోవలోవి. ఇవి ఉన్న బిగువుకి ఇంకాస్త బిగువు కలుపుతాయి. మరి సుఖం ఎక్కడిదంటే, లోడ్‌తో వెనక భాగం బాగా కుంగి ఓవర్‌లోడ్ ఆకు (బరువు ఎక్కువైనప్పుడే ఆనే మందపాటి ఆకు) మీదో, బంప్ స్టాప్ (యాక్సిల్ ఫ్రేమ్‌కి తగలకుండా ఆపే రబ్బరు దిమ్మ) మీదో పడి కొట్టుకుంటూ ఉంటుంది కదా, ఆ కొట్టుకోవడం ఆగుతుంది. అది చిన్న సుఖమేం కాదు. కానీ ఖాళీ బండి మాత్రం మెత్తబడదు. గాలి ఎక్కువ పెడితే ఇంకా గట్టిపడుతుంది.

రెండోది పూర్తి మార్పిడి. కమాన్ కట్టలు తీసేసి బరువంతా గాలి మీదే ఉంచుతారు. ఇక్కడ చాలామంది మర్చిపోయే విషయం ఒకటుంది. కమాన్ కట్ట పని బరువు మోయడంతో అయిపోదు. యాక్సిల్ ముందుకీ వెనక్కీ పక్కకీ జరగకుండా పట్టి ఉంచేది కూడా అదే. దాన్ని తీసేశాక యాక్సిల్‌ని పట్టుకోవడానికి నాలుగు లింకులు, పక్కకి జరగకుండా ట్రాక్ బార్ కావాలి. కమాన్ ఆకులు ఒకదానిమీద ఒకటి రాసుకోవడం వల్ల ఊపు కొంత అణుగుతుంది. గాలికి ఆ గుణం దాదాపు లేదు. కాబట్టి షాక్ అబ్జార్బర్లు కూడా ఆ సస్పెన్షన్‌కి తగ్గవి పడాలి. పాత షాకులే ఉంచి పూర్తి మార్పిడి చేయిస్తే బండి పడవలా తేలుతుంది.

ఇప్పుడు నా అనుభవం చెప్తాను, దయచేసి జాగ్రత్తగా వినండి.

మొదట నేను వేయించుకున్నది సాయం బ్యాగులే. వేసినతను "ఇక బరువు గురించి టెన్షన్ పడక్కర్లేదు" అన్నాడు. అప్పట్లో నా ట్రెయిలర్ బంపర్ పుల్, అంటే ట్రక్ వెనక చివర హిచ్ బాల్‌కి తగిలించేది, 9,000 పౌండ్లు. తగిలించాను, వెనక భాగం కుంగింది. ట్రక్ సమంగా కనపడేదాకా గాలి కొట్టాను, గేజి 70 పీఎస్ఐ చూపించింది. దూరం నుంచి ఫోటో కూడా తీశాను, గీత గీసినట్టు ఉంది. ఆ మధ్యాహ్నం ఒక పల్లపు దారిలో పక్కగాలి తగిలింది. స్టీరింగ్ చేతిలో తేలిపోయింది. తిప్పుతున్నాను, తిప్పినంత వెంటనే బండి వినడం లేదు. మా ఆవిడ డాష్‌బోర్డు పట్టుకుంది. వేగం తగ్గించి, పక్కకి తీసి ఆపాను. కాళ్ళు వణుకుతున్నాయి.

తర్వాతి ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ (ఒక్కో యాక్సిల్ బరువు విడిగా చూపించే పెద్ద కాటా) మీద తూకం వేయించాను. ముందు యాక్సిల్ మీద, ట్రెయిలర్ లేనప్పటి కంటే 400 పౌండ్లు తక్కువ ఉంది.

లెక్క చూడండి. ట్రెయిలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ బాల్ మీద ఉండాలి. నాది 1,100 పౌండ్లు. బాల్ వెనక యాక్సిల్‌కి సుమారు 5 అడుగుల వెనక ఉంది. ముందు యాక్సిల్‌కీ వెనక యాక్సిల్‌కీ మధ్య దూరం 13 అడుగుల పైచిలుకు. తక్కెడలాగా ఊహించుకోండి. తోక మీద 1,100 పెడితే ముక్కు మీద 400కి పైగా లేస్తుంది. ఆ 400 కూడా వెనక యాక్సిల్ మీదే వచ్చి పడుతుంది. అంటే వెనక యాక్సిల్ మీద పెరిగింది 1,100 కాదు, 1,500 దాటింది. నేను గాలి కొట్టి వెనక భాగాన్ని పైకి లేపాను, కానీ ముందు చక్రాలకి ఒక్క పౌండ్ కూడా తిరిగి రాలేదు. బండి సమంగా కనపడింది, బరువు మాత్రం సమంగా లేదు. నా కళ్ళే నన్ను మోసం చేశాయి.

ఆ 400ని ముందుకి తిరిగి పంపేది వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్. దాని స్ప్రింగ్ బార్లు హిచ్‌ని మెలితిప్పి, కొంత బరువుని ముందు యాక్సిల్ మీదకీ, కొంత ట్రెయిలర్ యాక్సిళ్ళ మీదకీ తోస్తాయి. అందుకే నేను పాటించే వరస ఇది: బ్యాగుల్లో కంపెనీ చెప్పిన కనీస గాలి మాత్రమే ఉంచి ట్రెయిలర్ తగిలించాలి. హిచ్ బార్లు బిగించి ముందు ఫెండర్ ఎత్తు కొలిచి, ముందు బరువు తిరిగొచ్చిందని చూసుకోవాలి. మిగిలిన కుంగుడుకి మాత్రమే గాలి. ముందే గాలి కొట్టేసి తర్వాత బార్లు బిగిస్తే, బార్లు ముందుకి తోసే బరువు తగ్గిపోవచ్చు.

ఫిఫ్త్ వీల్, అంటే ముందున్న పిన్ ట్రక్ బెడ్‌లోని హిచ్‌లో కూర్చునే ట్రెయిలర్ అయితే ఈ ముక్కు లేవడం ఉండదు, పిన్ వెనక యాక్సిల్ మీదో, దానికి కొంచెం ముందో ఉంటుంది కాబట్టి. అక్కడ చిక్కు వేరు. పిన్ మీద 15 నుంచి 25 శాతం పడుతుంది. 14,000 పౌండ్ల ట్రెయిలర్‌కి 20 శాతం అంటే 2,800. మీ ట్రక్ డ్రైవర్ తలుపు పక్క స్టికర్ మీద జీవీడబ్ల్యూఆర్ అని, లోడ్‌తో కలిపి బండి మొత్తం ఎంత బరువు దాటకూడదో చెప్పే ఒక అంకె, ఒక్కో యాక్సిల్‌కి ఒక్కో అంకె ఉంటాయి. ముప్పావు టన్ను ట్రక్కుల్లో చాలావాటికి ఆ మొదటి అంకె 10,000 దగ్గర. డీజిల్ ఇంజన్, నలుగురు మనుషులు, హిచ్, పనిముట్లు పోగా 2,800కి చోటు మిగులుతుందా లేదా అన్నది కాటాయే చెప్పాలి. ఎయిర్ బ్యాగు పెట్టె మీద 5,000 పౌండ్లు అని రాసి ఉండొచ్చు. ఆ అంకె బ్యాగుది. యాక్సిల్, చక్రాలు, టైర్లు, బ్రేకులు, ఫ్రేమ్ ఏవీ మారలేదు. ఆ స్టికర్‌ని ఏ ఎయిర్ కిట్టూ మార్చదు.

తర్వాత మేం ఫిఫ్త్ వీల్‌కి మారాం, ట్రక్ కూడా ఒక టన్నుదానికి మార్చాను. దానికి పూర్తి మార్పిడి చేయించాను. రెండు వైపులా ఒక్కో లెవలింగ్ వాల్వ్ ఉంటుంది. వాల్వ్ ఫ్రేమ్‌కి బిగించి ఉంటుంది, దాని చెయ్యి ఒక సన్నని కడ్డీతో యాక్సిల్‌కి కలిసి ఉంటుంది. బండి కుంగితే చెయ్యి పైకి లేచి గాలి లోపలికి వెళ్తుంది, లేస్తే కిందికి దిగి గాలి బయటికి పోతుంది. ప్రతి గతుకుకీ స్పందించకుండా కొన్ని సెకన్లు ఆగి పని చేస్తుంది. నా బండిలో ఖాళీగా 35 పీఎస్ఐ దగ్గర నిలబడేది పిన్ పడ్డాక 80 దాకా వెళ్తుంది, ఎత్తు మాత్రం అదే. ట్రెయిలర్ పిన్ బరువు ట్రక్ హిచ్ మీద దిగుతున్నప్పుడు ఆ బుస్ శబ్దం వింటూ పక్కన నిలబడటం నాకు ఇప్పటికీ ఇష్టం.

సాయం బ్యాగులైనా, పూర్తి మార్పిడైనా కుడి ఎడమ గొట్టాలు విడివిడిగా ఉండాలి. ఖర్చు తగ్గించడానికి రెండింటినీ టీ జాయింట్‌తో కలిపేస్తుంటారు. మలుపులో బండి ఒక పక్కకి ఒరిగినప్పుడు, ఆ పక్క బ్యాగులో గాలి నొక్కుకుని రెండో పక్కకి పోతుంది. బరువు పడ్డ పక్క ఇంకా కుంగుతుంది. ఎత్తైన ట్రెయిలర్ వెనకాల ఉన్నప్పుడు ఇది చాలా ప్రమాదం.

గొట్టాల సంగతి. లీకుల్లో ఎక్కువ భాగం బ్యాగులో ఉండవు, జాయింట్లలో ఉంటాయి. ప్లాస్టిక్ గొట్టాన్ని కటింగ్ ప్లేయర్‌తో కోస్తే చివర నలిగి కోలగా అవుతుంది, ఫిట్టింగ్‌లో పట్టదు. పదునైన బ్లేడ్‌తో నిటారుగా, ఒక్క కోతతో కోయాలి. లోపలికి తోసి, ఒకసారి వెనక్కి లాగి చూడాలి. గాలి నింపి సబ్బు నీళ్ళు పూస్తే బుడగలు చెప్తాయి. రాత్రంతా వదిలేసి పొద్దున గేజి చూడండి. ఎగ్జాస్ట్ పక్కన బ్యాగు ఉంటే హీట్ షీల్డ్ తప్పనిసరి. గాలి ట్యాంకులో చేరే నీటిని అప్పుడప్పుడూ వదలాలి, చలికాలంలో అది గడ్డకట్టి వాల్వ్‌ని పట్టేస్తుంది. ఇంకొకటి, జాకీ ఫ్రేమ్‌కి పెట్టి లేపితే యాక్సిల్ వేలాడి బ్యాగు సాగిపోయి చిరగవచ్చు. లేపే ముందు కిట్ పుస్తకంలో ఏం చెప్పాడో చూడండి.

ఖర్చు పెట్టే ముందు వేరేవి కూడా చూసుకోమని నా మనవి. ఖాళీగా తిరిగేటప్పుడు కూడా వెనక టైర్లలో 80 పీఎస్ఐ ఉంచుకుని బండి కొడుతోందని బాధపడేవాళ్ళున్నారు. స్టికర్ మీద ఖాళీ బండికి వేరే అంకె ఇచ్చి ఉంటే ఆ మేరకు తగ్గించండి. షాకులు అరిగిపోయాయేమో చూడండి. ఫిఫ్త్ వీల్ ముందుకీ వెనక్కీ గుంజుతుంటే, దాన్ని ట్రక్ సస్పెన్షన్ పెద్దగా ఆపలేదు. ఆ గుంజుడు పిన్ దగ్గర ఆగాలి. గాలి బ్యాగు ఉన్న పిన్ బాక్స్ (ట్రెయిలర్ ముందు పిన్‌ని పట్టి ఉంచే భాగం) దానికి మందు. ట్రెయిలర్ షాకిల్ బుష్‌లు (స్ప్రింగ్ కీళ్ళ దగ్గరి తొడుగులు) అరిగినా అదే బాధ. ముందు బంపర్ పుల్‌తో తిరిగినప్పుడు మా నాన్నగారి నడుముకి తగిలిన దెబ్బ కూడా సగం ఇలాంటి గుంజుడు వల్లే అయ్యుంటుందని నాకు పిన్ బాక్స్ మార్చాకే అనిపించింది.

నా ట్రక్ బయట పార్కింగ్‌లో ఉంది, టార్చి లైటు తెచ్చాను. కింద వంగి చూడాలనుకునేవాళ్ళు రండి. లెవలింగ్ వాల్వ్ కడ్డీని యాక్సిల్ దగ్గర ఊడదీసి చేత్తో పైకీ కిందికీ ఆడించి చూపిస్తాను, గాలి ఎక్కడం, దిగడం వినిపిస్తుంది. మీ తలుపు స్టికర్ ఫోటో తీసుకొస్తే అక్కడే కూర్చుని లెక్క కూడా వేద్దాం.