మలోవిష్తె మూలం: మోస్కోపోలెకు ముందా, తర్వాతా?

వ్యాఖ్యాత: ఉత్తర మెసిడోనియాలో బిటోలా పట్టణానికి పడమరగా, పెలిస్టర్ కొండల్లో మలోవిష్తె అనే పల్లె ఉంది. రాతి ఇళ్లు, ఊళ్లోంచి పారే వాగు, పల్లెకు మించిన పెద్ద చర్చి. ఇది అరోమేనియన్ల ఊరు, అంటే లాటిన్ నుంచి పుట్టిన భాష మాట్లాడే బాల్కన్ జనం. మాస్టారూ, వీళ్లు ఎక్కడినుంచి వచ్చారు?

చరిత్ర అధ్యాపకుడు: ఎక్కువగా వినిపించే జవాబు మోస్కోపోలె. ఇప్పటి అల్బేనియాలో ఉంది. 18వ శతాబ్దంలో వర్తకంతో వెలిగిన పట్టణం. అచ్చుయంత్రం, విద్యాపీఠం ఉండేవి. 1769లో కొల్లగొట్టారు, 1788లో మళ్లీ. చెదిరిన కుటుంబాలు క్రుషెవోకు, బిటోలా చుట్టుపక్కల ఊళ్లకు చేరాయి.

భాషా పరిశోధకురాలు: అది ఊరు పెరిగిన కథ మాస్టారూ, పుట్టిన కథ కాదు. ఇల్లు కాలినవాడు ముందు బంధువుల గుమ్మమే తొక్కుతాడు.

అధ్యాపకుడు: బాగుందమ్మా, కానీ అది ఊహ.

పరిశోధకురాలు: ఈ ఊరికి పత్రం చూపలేను, ఈ కొండలకు చూపగలను. 976లో బల్గేరియా రాజు సామ్యూల్ సోదరుడు డేవిడ్‌ను ప్రెస్పా, కస్తోరియాల మధ్య ‘బాటసారి వ్లాకులు’ చంపారని బైజాంటిన్, అంటే తూర్పు రోమన్ సామ్రాజ్యపు చరిత్ర చెబుతుంది. ప్రెస్పా సరస్సు పెలిస్టర్‌కు అవతలి పక్కనే. మోస్కోపోలె పతనానికి ఎనిమిది వందల ఏళ్ల ముందు మాట ఇది.

వ్యాఖ్యాత: వ్లాకులంటే వీళ్లేనా?

పరిశోధకురాలు: అది ఇరుగుపొరుగు పెట్టిన పేరు. తమను తాము ‘అర్మన్’ అంటారు. రోమన్ అనే మాటే అది. మొదట్లో ‘ర’ వస్తే ముందు ‘అ’ చేర్చడం వాళ్ల నోటి అలవాటు. ఎరుపును రుమేనియన్లు ‘రోషు’ అంటే, వీళ్లకు ‘అరోషు’.

వ్యాఖ్యాత: అంటే రోమన్ సైనికుల సంతానమా?

అధ్యాపకుడు: అక్కడ తొందర వద్దు. రోమన్ల ఎగ్నేషియా రహదారి బిటోలా పక్కనున్న హెరాక్లియా మీదుగానే సాగింది. దారి వెంట లాటిన్ నేర్చిన స్థానికులని కొందరు, ఉత్తరాన డాన్యూబ్ నది వైపునుంచి దిగివచ్చారని కొందరు. ఈ వాదనల్లో ఆయా దేశాల రాజకీయాలూ బాగానే కలిశాయి.

పరిశోధకురాలు: నాకు ఆ దారే ముఖ్యం. 6వ శతాబ్దం చివర, బాల్కన్ తూర్పున ఉన్న థ్రేస్‌లో బైజాంటిన్ సైన్యం నడుస్తుండగా ఒక కంచరగాడిద మీది బరువు జారితే, ‘టోర్నా, టోర్నా, ఫ్రాత్రె’ అని ఎవరో అరిచారట. తిరుగు తమ్ముడూ అని. అది విని సైన్యమే వెనక్కి పరుగెత్తింది! ఆ పలుకు వీళ్ల భాషకు తొలి రూపమా, మామూలు లాటిన్ ఆజ్ఞా అన్న తగువు తీరలేదు.

అధ్యాపకుడు: ఒట్టోమన్ కాలంలోనూ బిడారులు నడిపింది వీళ్లే. వాళ్లను ‘కిరాజీ’లనేవారు. మన ‘కిరాయి’కీ దానికీ మూలం ఒకటే, అరబ్బీ మాట.

వ్యాఖ్యాత: అయితే మీరిద్దరూ ఒప్పుకున్నట్టేనా?

అధ్యాపకుడు: లేదు. అంత పెద్ద చర్చి గొర్రెల కాపరులు కట్టగలిగింది కాదు. అది వర్తకుల సొమ్ము.

పరిశోధకురాలు: నేను గొర్రెలు అనలేదు మాస్టారూ, కంచరగాడిదలు అన్నాను.